మోనోరైలు పోతే పోయింది, పూనమల్లి దారి ఎందుకు పోయింది?

చెన్నైలో పోరూరు, వలసరవాక్కం, రామాపురం వైపు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఐటీ ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవాళ్ళు కొందరు, పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్ళు కొందరు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో పోరూరు ఆసుపత్రికి వచ్చే చుట్టాలకు వీళ్ళ ఇళ్ళే విడిది. ఆర్కాట్ రోడ్డు ట్రాఫిక్ వీళ్ళందరికీ రోజువారీ టెన్షన్. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేచాయి. కొత్తగా వచ్చినవాళ్ళు వాటిని చూసి అడుగుతుంటారు: ఇంత రద్దీ దారికి రైలు వేయాలని ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదా అని.

తోచింది. నగరానికి పడమటి శివారైన పూనమల్లి నుంచి పోరూరు మీదుగా వడపళనికి, కత్తిపారా కూడలికి రైలు నడుపుతామని తమిళనాడు ప్రభుత్వం 2011లోనే చెప్పింది. అప్పుడు చెప్పింది మెట్రో గురించి కాదు, ఒకే దూలం మీద నడిచే మోనోరైలు గురించి. టెండర్లు పిలిచారు, రద్దు చేశారు, మళ్ళీ పిలిచారు. కేంద్రం నుంచి సూత్రప్రాయ అనుమతి కూడా వచ్చింది. ఒక్క స్తంభం లేవకుండానే అది కనుమరుగైంది.

ఎవరినడిగినా "అంతా రాజకీయం" అంటారు. నిజమే. అయితే ఆ రాజకీయంలో ఏ నిర్ణయం ఎప్పుడు జరిగింది, ఏది నిలబడింది, ఏది కూలింది, ఎందుకు అన్నది విడదీసి చూడాలి. ఈ దారిలో ప్రయాణించేవాళ్ళు నష్టపోయిన కాలానికి లెక్క అక్కడే దొరుకుతుంది.

రెండు పార్టీలు, రెండు రైళ్ళు

2006కి ముందు జయలలిత ప్రభుత్వం చెన్నైకి మోనోరైలు తెస్తామని ప్రకటించింది. ఆ ఏడాది మే నెలలో అన్నాడీఎంకే ఓడిపోయింది. కరుణానిధి ప్రభుత్వం మోనోరైలును పక్కనపెట్టి మెట్రోను ఎంచుకుంది. ఢిల్లీ మెట్రో సంస్థ ప్రాజెక్టు నివేదిక తయారుచేసింది. 2007 డిసెంబరులో చెన్నై మెట్రో రైల్ లిమిటెడ్ ఏర్పడింది. 2008 నవంబరులో జపాన్ ప్రభుత్వ సంస్థ జైకాతో అప్పు ఒప్పందం కుదిరింది. 2009 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. రెండు మార్గాలు కలిపి 45 కిలోమీటర్లు, అంచనా 14,600 కోట్ల రూపాయలు. ఆ ఏడాది జూన్‌లో పనులు మొదలయ్యాయి. కోయంబేడు నుంచి అశోక్ నగర్ వరకు వంతెన కట్టే పని హైదరాబాద్‌కు చెందిన సోమా ఎంటర్‌ప్రైజ్‌కి దక్కింది.

2011 మేలో జయలలిత మళ్ళీ గెలిచారు. జూన్ మొదట్లో గవర్నర్ ప్రసంగంలోనే మోనోరైలు తిరిగొచ్చింది. మొత్తం 300 కిలోమీటర్లు, మొదటి దశలో 111 కిలోమీటర్లు అన్నారు. ఆ మొదటి దశలో వండలూరు నుంచి వేలచ్చేరికి, పూనమల్లి నుంచి కత్తిపారాకి, పూనమల్లి నుంచి వడపళనికి, వండలూరు నుంచి పుళల్‌కి మార్గాలున్నాయి. ఈ పేర్లు గుర్తు పెట్టుకోండి. నగరం పడమటికి, దక్షిణానికి పెరిగిపోతున్న వైపులు ఇవే. వండలూరు దాటితే కాట్టాంకుళత్తూరు. అక్కడి కాలేజీల్లో మన పిల్లలు ఎంతమంది చదువుతున్నారో తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

మోనోరైలుకు అనుకూలంగా ప్రభుత్వం చెప్పిన కారణాలు కొట్టిపారేసేవి కావు. ఖర్చు తక్కువ, భూసేకరణ తక్కువ, ఇరుకు రోడ్లలో పదునైన మలుపులు కూడా తిరగగలదు, త్వరగా కట్టొచ్చు. కిలోమీటరుకు దాదాపు 150 కోట్లు అవుతుందన్నారు. మెట్రో మొదటి దశ అంచనాను 45తో భాగిస్తే కిలోమీటరుకు 324 కోట్లు వస్తుంది. పక్కపక్కన పెడితే మోనోరైలే గెలుస్తుంది. కానీ మెట్రో మొదటి దశలో సగానికి పైగా భూమి కిందే ఉంది. సొరంగం తవ్వే ఖర్చును, స్తంభాల మీద నడిచే రైలు ఖర్చును ఒకే గాటన కట్టడం సరైన లెక్క కాదు.

ఇంకా పెద్ద తేడా మోసే జనంలో ఉంది. మోనోరైలు ఒకే దూలం మీద నడుస్తుంది, పెట్టెలు చిన్నవి. గంటకు ఒక దిశలో సాధారణంగా పది, ఇరవై వేల మందిని మోస్తుంది. మెట్రో నలభై వేలు దాటి మోయగలదు. పైగా రద్దీ పెరిగితే మెట్రోకు పెట్టెలు కలపడం సులువు. మోనోరైలు పట్టాల మార్పిడికి దూలాన్నే కదిలించాలి, విడిభాగాలు తయారుచేసే కంపెనీలు ప్రపంచంలో కొన్నే. విమానాశ్రయంలోనో పర్యాటక కేంద్రంలోనో అది పనికొస్తుంది. పూనమల్లి లాంటి దారికి మొదటి రోజే చాలకుండా పోయేదని నా అభిప్రాయం.

ముంబై అనుభవం కూడా అదే చెబుతోంది. చెంబూరు నుంచి వడాలాకు 2014 ఫిబ్రవరిలో మోనోరైలు మొదలైంది, 2019 మార్చిలో జేకబ్ సర్కిల్ దాకా వెళ్ళింది. మొత్తం 20 కిలోమీటర్లు. మొదటి నుంచీ ఎక్కేవాళ్ళు తక్కువ, చెడిపోయే రోజులు ఎక్కువ. 2025 ఆగస్టు 19న భారీ వర్షంలో జనం కిక్కిరిసి ఎక్కడంతో రైలు మధ్యలో ఆగిపోయింది. అగ్నిమాపక సిబ్బంది నిచ్చెనలు వేసి వందలమందిని దించాల్సి వచ్చింది. తర్వాతి నెలలో మరమ్మతులు, కొత్త బండ్ల పేరిట సేవలు నిలిపేశారు.

సంతకాలు పడ్డ రైలు, పడని రైలు

2011లో చాలామంది మెట్రో ఆగిపోతుందనుకున్నారు. అలా అనుకోవడానికి కారణం ఉంది. ఓమందూరార్ ఎస్టేట్‌లో కరుణానిధి కట్టించిన కొత్త సచివాలయాన్ని 2010 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. జయలలిత అందులో అడుగుపెట్టకుండా 2011లో దాన్ని ఆసుపత్రిగా మారుస్తామని ప్రకటించి, 2014లో మార్చేశారు. అంతటి కట్టడాన్నే వదులుకున్న ప్రభుత్వం మెట్రోను ఎందుకు వదల్లేదు?

డబ్బు ఎవరిదో చూస్తే జవాబు తెలుస్తుంది. సచివాలయం రాష్ట్ర ప్రభుత్వ సొమ్ము, రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి. మెట్రో మొదటి దశ డబ్బులో దాదాపు 59 శాతం జైకా అప్పు. మిగతాది కేంద్రం, రాష్ట్రం దాదాపు సమానంగా పెట్టుకున్నాయి. కంపెనీలో చెరి సగం వాటా. 2011 ఎన్నికలకు ముందే సొరంగాల కాంట్రాక్టులు కూడా ఇచ్చేశారు. మెట్రోను ఆపితే జపాన్‌కి సమాధానం చెప్పాలి, కేంద్రానికి చెప్పాలి, కాంట్రాక్టర్లకు పరిహారం కట్టాలి. అందుకే జయలలిత ప్రభుత్వం మెట్రోను కొనసాగించింది. 2015 జూన్ 29న కోయంబేడు నుంచి ఆలందూరు వరకు మొదటి రైలును ఆమే ప్రారంభించారు. అప్పుడు ఇది మా ఘనతే అని రెండు పార్టీలూ చెప్పుకున్నాయి.

మోనోరైలు వెనుక ఇలాంటి కట్టుబాట్లేవీ లేవు. దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలనుకున్నారు. అంటే కంపెనీ సొంత డబ్బు, బ్యాంకు అప్పు పెట్టి కట్టాలి, టికెట్ల మీద ఏళ్ళ తరబడి వసూలు చేసుకోవాలి. ప్రభుత్వం కొంత లోటు భర్తీ చేస్తుంది. అలాంటి పెట్టుబడి పెట్టే కంపెనీ రెండు విషయాలు చూస్తుంది. ఎంతమంది ఎక్కుతారు? ఐదేళ్ళ తర్వాత వచ్చే ప్రభుత్వం దీన్ని ఉంచుతుందా? ఒకసారి ప్రభుత్వం మారగానే పోయిన ప్రాజెక్టు ఇది. ప్రతిపక్షం మెట్రో పక్షం. ఇక ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది? బిడ్లు వేసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. మార్గాలు కుదించారు. 2014 నవంబరులో పూనమల్లి నుంచి కత్తిపారా వరకు 20 కిలోమీటర్లకు పైగా ఉన్న మార్గానికి కేంద్రం సూత్రప్రాయ అనుమతి ఇచ్చింది. అప్పుడూ పని మొదలుకాలేదు. 2016 డిసెంబరులో జయలలిత చనిపోయాక దాని గురించి పట్టుబట్టేవాళ్ళే లేకపోయారు. చివరికి ఆమె పార్టీ ప్రభుత్వమే, పళనిస్వామి ముఖ్యమంత్రిగా ఉండగా, పూనమల్లి మార్గాన్ని మెట్రో రెండో దశలో చేర్చింది. 2020 నవంబరులో దానికి శంకుస్థాపన జరిగింది.

2006 నుంచి 2020 వరకు ఈ కథను వరుసగా చూస్తే, నిలబడిన ప్రాజెక్టు మంచిదని నిలబడలేదు, పడిపోయింది చెడ్డదని పడలేదు. మెట్రో నిజంగానే మెరుగైన ఎంపిక. అయినా దాన్ని కాపాడింది మాత్రం అప్పు పత్రాలు, కాంట్రాక్టులు. సంతకాలు పడ్డాక చెడ్డ ప్రాజెక్టును కూడా అవే కాపాడతాయి.

సగంలో ఆగితే

కాగితం మీద ఉన్నదాన్ని రద్దు చేయడం వేరు, సగం కట్టినదాన్ని ఆపడం వేరు. రెండోదానికి చెన్నైలో కళ్ళకు కట్టే ఉదాహరణ ఉంది. హార్బర్ నుంచి మధురవాయల్ వరకు ఎత్తైన రోడ్డు.

చెన్నై హార్బర్‌కి కంటైనర్ లారీలు నగరం గుండానే వెళ్ళాలి. పగటిపూట అనుమతి లేదు. బయట బారులు తీరి పడిగాపులు పడాలి. లారీలు నడిపేవాళ్ళలో, యజమానుల్లో నెల్లూరు, తిరుపతి వైపువాళ్ళు తక్కువేం కాదు. ఈ కష్టం తీర్చడానికి 19 కిలోమీటర్ల ఎత్తైన రోడ్డుకు 2009 జనవరిలో మన్మోహన్ సింగ్ శంకుస్థాపన చేశారు. అప్పటి అంచనా 2,000 కోట్లలోపు. రోడ్డు చాలాదూరం కూవం నది ఒడ్డున సాగుతుంది. 2012లో, స్తంభాలు నదిలోకి వచ్చాయి, అనుమతించిన నమూనా తప్పింది అంటూ రాష్ట్ర ప్రభుత్వం పని ఆపించింది. డీఎంకే, అన్నాడీఎంకే మాటల యుద్ధం కోర్టుకెక్కింది. 2014లో మద్రాసు హైకోర్టు ఆ ఆపివేతను కొట్టేసింది. అయినా పని కదల్లేదు. లేచిన స్తంభాలు కూవం పక్కన అలాగే నిలబడిపోయాయి.

2022 మేలో ప్రధాని మోదీ అదే దారికి మళ్ళీ శంకుస్థాపన చేశారు. ఈసారి రెండంతస్తుల రోడ్డు, అంచనా దాదాపు 5,800 కోట్లు. నమూనా మారింది కాబట్టి రెండు అంకెలను నేరుగా పోల్చలేం. కానీ 2012లో ఆగినప్పుడు ఆదా అయిందని ఎవరైనా అంటే, ఆ ఆదా ఎక్కడా కనిపించదు. నది గురించి ప్రభుత్వం చెప్పిన అభ్యంతరం కల్పితమని నేననను. కూవంలో నీరు పారే దారి తగ్గితే చెన్నైలో ఏమవుతుందో 2015 డిసెంబరు వరదలు చూసినవాళ్ళకు తెలుసు. ఆ అభ్యంతరాన్ని నమూనా మార్చి ఏడాదిలో తీర్చి ఉండొచ్చు. పదేళ్ళు పట్టిందంటే అడ్డం నది ఒక్కటే అయి ఉండదు.

సగంలో ఆపాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు వేయాల్సిన లెక్క నిజానికి కష్టమైనదేం కాదు. ఇప్పటికే పోసిన డబ్బు ఆపినా రాదు, కట్టినా రాదు. దాన్ని పక్కన పెట్టాలి. పూర్తి చేయడానికి ఇంకా ఎంత కావాలి? ఆపితే కాంట్రాక్టర్లకు, అప్పిచ్చినవాళ్ళకు ఎంత కట్టాలి? తవ్విన రోడ్డు పూడ్చడానికి ఎంత? పూర్తి చేసే ఖర్చుకూ, ఆపడానికయ్యే మొత్తం ఖర్చుకూ మధ్య తేడాయే రద్దు వల్ల మిగిలేది. ఎన్నికల సభల్లో మాత్రం మొత్తం ప్రాజెక్టు ఖర్చంతా ఆదా అవుతుందన్నట్టు చెబుతారు.

ఈ లెక్క బహిరంగంగా జరిగిన సందర్భం ఒకటుంది, అమెరికాలో ఒహైయో రాష్ట్రంలోని సిన్సినాటి నగరంలో. అక్కడ ట్రాము పట్టాలు వేస్తుండగానే 2013 నవంబరులో మేయర్ ఎన్నిక వచ్చింది. ట్రామును రద్దు చేస్తానన్న జాన్ క్రాన్లీ గెలిచి డిసెంబర్ 1న బాధ్యతలు తీసుకున్నారు. మూడు రోజుల్లో నగర సభ పని ఆపించింది. కానీ దాంతోపాటే బయటి ఆడిటర్‌ను పిలిచి, పూర్తి చేస్తే ఎంత, రద్దు చేస్తే ఎంత అని అడిగింది. రద్దు కూడా ఖరీదైనదేనని తేలింది. పైగా పని ఆగిపోతే తానిచ్చిన దాదాపు 45 మిలియన్ డాలర్లు పోయినట్టేనని అమెరికా కేంద్ర రవాణా శాఖ హెచ్చరించింది. నడిపే ఖర్చులో కొంత భరిస్తామని ఒక దాతృత్వ సంస్థ ముందుకొచ్చింది. డిసెంబర్ 19న సభ 6–3 ఓట్లతో పని కొనసాగించాలని తీర్మానించింది. ట్రాము 2016 సెప్టెంబరులో నడిచింది. క్రాన్లీ అభిప్రాయం మారలేదు, ఓట్ల లెక్క మారింది. ఆ నగరం నుంచి నాకు నచ్చింది ట్రాము కాదు. రద్దు చేయాలా వద్దా అన్న చర్చ మూడు వారాల్లో, అంకెలు అందరి ముందు పెట్టుకుని జరగడం. కూవం స్తంభాల విషయంలో అలాంటి లెక్క జనం ముందుకు వచ్చి ఉంటే పదేళ్ళు ఆగేదా?

పని మొదలుకాకముందే జనం ఆపిన ఉదాహరణ పక్కనే బెంగళూరులో ఉంది. బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ్ వరకు 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవర్, 1,791 కోట్లు. 2016 అక్టోబరులో వేలమంది మానవహారంగా నిలబడ్డారు. చెట్లు పోతాయని హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళారు, స్టే వచ్చింది. అవినీతి ఆరోపణలు తోడయ్యాయి. 2017 మార్చి 2న ప్రభుత్వం రద్దు ప్రకటించింది. ఒక్క స్తంభం కూడా లేవలేదు కాబట్టి అది సాధ్యమైంది. అయితే అక్కడా ఒక కొరత మిగిలింది. ఫ్లైఓవర్ పోయింది గానీ, అనంతపురం వైపు, విమానాశ్రయం వైపు వెళ్ళే ఆ దారి రద్దీ పోలేదు. దాని బదులు ఏమిటన్నది ఏళ్ళ తరబడి తేలలేదు.

హైదరాబాద్‌వాళ్ళకు కూడా ఇది కొత్త కాదు. సత్యం కుంభకోణం తర్వాత 2009లో సత్యం రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ చేతిలోని మెట్రో కాంట్రాక్టు రద్దయింది, 2010లో మళ్ళీ టెండరు పిలిచి ఎల్ అండ్ టీకి ఇచ్చారు. అక్కడ కాంట్రాక్టు పోయినా మార్గాలు పోలేదు. 2022 డిసెంబరులో కేసీఆర్ శంకుస్థాపన చేసిన రాయదుర్గం–శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మెట్రో, ఏడాది తిరిగేసరికి కొత్త ప్రభుత్వం రావడంతో ఆగిపోయింది. కానీ రేవంత్ రెడ్డి ప్రభుత్వం విమానాశ్రయానికి వేరే మార్గం ప్రతిపాదించింది. ఆ కొత్త మార్గం మెరుగైనదా కాదా అన్న వాదన అలా ఉంచితే, అక్కడ గమ్యం మాత్రం చర్చలో నిలిచే ఉంది.

రైలుతోపాటు దారి కూడా

పూనమల్లి, వండలూరు విషయంలో అన్యాయం జరిగింది సరిగ్గా ఇక్కడే. మోనోరైలు రద్దు కావడం తప్పని నేననుకోను. ఆలస్యంగానైనా మంచిదే జరిగింది. కానీ దాంతోపాటు ఆ మార్గాలకు రైలు కావాలన్న మాట కూడా ఏళ్ళపాటు అటకెక్కింది. మందు పడలేదని వైద్యుడు రోగినే వదిలేసినట్టయింది. 2011లో ఆ నాలుగు మార్గాలను ఎంచుకున్నది జనం అక్కడున్నారు కాబట్టే కదా. మోనోరైలు కుదరనప్పుడు కనీసం ప్రత్యేక బస్సు వరుస అయినా ఇవ్వొచ్చు. బస్సులకు విడి దారి ఇచ్చే పథకం గురించి చెన్నైలో ఏళ్ళుగా మాట్లాడుతున్నారు, ఒక్క రోడ్డు మీద కూడా అమలు కాలేదు. రైలు వస్తోంది కదా అన్న మాటే ఆ నిర్లక్ష్యానికి సాకుగా పనికొచ్చింది.

ఇదే నగరంలో అంతకంటే పాత రద్దు ఒకటి ఉంది. మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రాములు 1895 మే 7న మొదలయ్యాయి, దేశంలోనే మొదటివి. మౌంట్ రోడ్డు, జార్జ్ టౌన్, మైలాపూర్ మీదుగా అవి తిరిగేవి. నడిపింది ప్రైవేటు కంపెనీ. నష్టాల్లో కూరుకుపోయి 1953 ఏప్రిల్ 12న ఆపేసింది. రాజాజీ ముఖ్యమంత్రిగా ఉన్న రోజులు. సరిగ్గా ఆ నెలల్లోనే మన పెద్దలు "మద్రాసు మనదే" అంటూ ఈ నగరం ఏ రాష్ట్రానికి చెందాలా అని పోరాడుతున్నారు. పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చి అప్పటికి నాలుగు నెలలు. అక్టోబర్ 1న మద్రాసు లేకుండానే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడాది గురించి మన ఇళ్ళల్లో ఎన్ని మాటలు విన్నా ట్రాముల ప్రస్తావన రాదు. అంత పెద్ద నష్టం ముందు ఇది కనిపించకపోవడం సహజమే.

1953లో ట్రాములు ఆగేనాటికి మద్రాసులో ప్రభుత్వ బస్సులు తిరుగుతున్నాయి. 1947లోనే మొదలయ్యాయి. కాబట్టి ట్రాము పోయినా జనానికి ఎక్కడానికి ఇంకొకటి ఉంది. పట్టాల మీద నడిచే బండి మౌంట్ రోడ్డు పొడవునా మళ్ళీ రావడానికి 2019 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది, అదీ భూమి కింద మెట్రోగా. అది కూడా సాఫీగా రాలేదు. ఆ సొరంగం పని తీసుకున్న గామన్–మాస్‌మెట్రోస్ట్రాయ్ సంస్థలు చేతులెత్తేయడంతో 2015లో కాంట్రాక్టు రద్దు చేసి మిగిలిన పనిని వేరేవాళ్ళకు ఇచ్చారు. ప్రాజెక్టు ఒకటే, మధ్యలో చేసేవాళ్ళు మారారు. ఎంత ఆలస్యమైనా మౌంట్ రోడ్డుకి రైలు వద్దని ఎవరూ అనలేదు. మేటాస్ కథ లాంటిదే ఇది కూడా. కాంట్రాక్టు రద్దు, నమూనా రద్దు, దారి రద్దు: వేర్వేరు నిర్ణయాలు ఇవి. మొదటి రెండు అప్పుడప్పుడూ అవసరమే.

కాపలా కాయాల్సిన సంస్థ

ప్రభుత్వాలు మారినా మార్గాలు మారకుండా చూడటానికి ఒక సంస్థ కావాలన్న ఆలోచన చెన్నైలో ఎప్పుడో వచ్చింది. బస్సు, లోకల్ రైలు, మెట్రో అన్నిటినీ ఒకే చోట కూర్చోబెట్టి ప్రణాళిక వేసే సంస్థ. చెన్నై ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ కోసం డీఎంకే ప్రభుత్వం 2010లో చట్టం చేసింది. ఏడాదిలో ప్రభుత్వం మారింది. ఆ చట్టం అమల్లోకి రావడానికి 2019 దాకా పట్టింది. ముఖ్యమంత్రి అధ్యక్షతన తొలి సమావేశం 2022 నవంబరులో స్టాలిన్ హయాంలో జరిగింది. మోనోరైలు వాదులాటంతా సరిగ్గా ఈ ఖాళీలోనే జరిగింది. 111 కిలోమీటర్ల మోనోరైలు వేయాలా, అవే మార్గాల్లో మెట్రోనా, బస్సా అని బేరీజు వేసి జనం ముందు పెట్టాల్సిన సంస్థ చట్టం పుస్తకంలోనే ఉండిపోయింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. పార్టీలు కొట్టుకోవడం ఎక్కడైనా ఉంటుంది. కొట్లాట మధ్యలో అంకెలు చెప్పేవాళ్ళు లేకపోవడం మాత్రం మనం చేతులారా తెచ్చుకున్నది.

మెట్రో రెండో దశ నాటికి వాదులాట స్థలం మారింది. దాదాపు 119 కిలోమీటర్లు, మూడు మార్గాలు, 63,246 కోట్లు. శంకుస్థాపన 2020లో అయినా కేంద్రం తన వాటాకు ఆమోదం ఇచ్చింది 2024 అక్టోబర్ 3న. ఈ మధ్యకాలంలో రాష్ట్రం సొంతంగా డబ్బు పెట్టి, అప్పులు తెచ్చి పని నడిపించింది. స్టాలిన్ ప్రభుత్వం ప్రధానికి ఉత్తరాలు రాస్తూ వచ్చింది. ఇది డీఎంకే, అన్నాడీఎంకే గొడవ కాదు, రాష్ట్రం, కేంద్రం గొడవ. కానీ ఈసారి మార్గాలు మారలేదు, పని ఆగలేదు. అప్పటికే కాంట్రాక్టులు నడుస్తున్నాయి. మళ్ళీ సంతకాలే కాపాడాయి.

పూనమల్లి మార్గం ఇప్పుడు ఆ రక్షణలో ఉంది. దక్షిణం వైపు అంత ధీమా లేదు. 2023 డిసెంబరు చివర దక్షిణ జిల్లాల బస్సులను కోయంబేడు నుంచి వండలూరు దగ్గరి కిళాంబాక్కానికి మార్చారు. ఊరి మధ్య దిగే జనాన్ని ఊరి చివర దించారు, మెట్రో మాత్రం రాలేదు. విమానాశ్రయం నుంచి కిళాంబాక్కానికి దాదాపు 15 కిలోమీటర్ల మెట్రో, 9 వేల కోట్లకు పైగా అంచనాతో ప్రతిపాదించారు. మోనోరైలు వండలూరు మార్గాల్లో మిగిలిన తాంబరం–వేలచ్చేరి వైపు తేలికపాటి రైలు గురించి అధ్యయనాలు జరిగాయి. మన బస్సుల సంగతి చూసినా అంతే. 2018లో ఆంధ్రా బస్సులు కోయంబేడు నుంచి మాధవరానికి మారాయి. నెల్లూరు నుంచి వచ్చి అక్కడ దిగినవాళ్ళు సిటీ బస్సో ఆటోనో పట్టుకోవాలి. మాధవరం నుంచి బయల్దేరే మెట్రో మార్గాలు రెండు, రెండో దశలో భాగంగా కడుతున్నారు.

కిళాంబాక్కం, తాంబరం మార్గాలు ఇప్పుడున్న స్థితి 2011లో పూనమల్లి ఉన్న స్థితే: ప్రకటన ఉంది, నివేదిక ఉంది, కట్టిపడేసే ఒప్పందం లేదు. కాబట్టి ఈసారి ఓటు అడగడానికి వచ్చిన ఏ పార్టీవాళ్ళనైనా పోరూరు, తాంబరం, మాధవరం కాలనీల్లోని తెలుగు సంఘాలు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగాలి. ఈ మార్గం రవాణా ప్రాధికార సంస్థ ప్రణాళికలో ఉందా? మీ ప్రభుత్వం దీన్ని మార్చినా, ఆపినా, ఆ రోజు నుంచి ఆ దారిలో ఎన్ని బస్సులు అదనంగా, ఏ వరుసలో నడుస్తాయి?